పన్నెండు టన్నుల మిషన్, రెండు ట్రాలీల మొద్దులు

మా కాక దేవరకొండ చుట్టుపక్కల పెళ్లి వంటలు ఒప్పుకుంటాడు. ఇటు డిండి దాకా, అటు కొండమల్లేపల్లి దాటి కూడా పోతాడు. పోయిన ఎండాకాలం ఒక రాత్రి పదకొండింటికి నాకు ఒక వీడియో పంపాడు. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒకాయన పీపా అంత మొద్దును మిషన్ మీద పెట్టి లివర్ నొక్కుతుంటే అది పుచ్చకాయ పగిలినట్టు రెండుగా విచ్చుకుంటోంది. వీడియో కింద కాక మెసేజ్: "గిది తెచ్చుకుంటే మన తిప్పలు తప్పుతయారా?"

తిప్పలంటే కట్టె కొట్టే మనిషి దొరక్కపోవడం. ముందు మా కాకకు ఇద్దరుండేవాళ్లు. ఒకాయనకు అరవై దాటినయ్, భుజం ముందులా లేవడం లేదు. రెండో ఆయన కొడుకు దగ్గరికి హైదరాబాద్ పోయాడు. కొత్తగా ఈ పని నేర్చుకునే పిల్లగాడు ఊళ్లో ఒక్కడూ లేడు, నేర్చుకోమని చెప్పే మొహం మనకూ లేదు.

నేను వెంటనే "తీసుకో కాకా" అనేవాణ్ణే, కానీ లక్షన్నర దాకా పెట్టే పని కదా అని ఒక నెల రోజులు దాని వెంట పడ్డాను. కట్టెల అడితిలకు పోయాను, మిషన్ చేసిచ్చే వర్క్‌షాపు ఒకటి చూశాను, ఆ అరవై దాటిన పెద్దాయన కొడుతుంటే పక్కన కూర్చున్నాను. నాకు అర్థమైందేంటంటే గొడ్డలా మిషనా అన్నది అసలు మూడో ప్రశ్న. మన దగ్గర దొరికేది ఏ కట్టె, అందులో పగలగొట్టాల్సింది ఎంత, ఈ రెండూ తేల్చుకోకుండా మూడో ప్రశ్నకు పోతే డబ్బులు పోతాయి.

అసలు కట్టెను ఎందుకు పగలగొడతాం? పొయ్యిలో పట్టడానికి అంటారు అందరూ. అది సగమే. రెండో సగం ఆరడం. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు కింది నుంచి పైకి పోయే సన్నటి గొట్టాలే కట్టె నిండా ఉంటాయి, బెరడు ఆ నీళ్లు బయటికి పోకుండా కాపాడుతుంది. కొట్టేసిన తర్వాత కూడా బెరడు తన పని తాను చేస్తూనే ఉంటుంది. అందుకే గుండ్రటి మొద్దు రెండు కొసల నుంచి మాత్రమే మెల్లగా ఆరుతుంది, మధ్యలో నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. అదే మొద్దును నాలుగు పేళ్లు చేస్తే నాలుగింటికీ లోపలి ముఖం గాలికి తెరుచుకుంటుంది. పగలగొట్టడం అంటే ఒక రకంగా కట్టెకు కిటికీలు పెట్టడమే.

పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. నలభై శాతం అనుకుందాం. క్వింటాల్ కట్టె కొన్నారంటే అందులో నలభై కిలోల నీళ్లకు డబ్బులిచ్చారు. ఆ నీళ్లు ఆవిరి కావడానికి ఖర్చయ్యే వేడి ఎంత అని లెక్క వేసి నేనే ఆశ్చర్యపోయాను. కిలో నీళ్లు ఆవిరి కావడానికి కాచే వేడితో కలిపి సుమారు ఆరువందల కిలోక్యాలరీలు పడుతుంది, కిలో ఎండు కట్టె నాలుగు నుంచి నాలుగున్నర వేల కిలోక్యాలరీలు ఇస్తుంది. అంటే ఆవిరికి పోయేది మొత్తం వేడిలో పదో వంతే. మరి పచ్చి కట్టెతో గుండిగ ఎందుకు ఉడకదు? ఆవిరి మంటను చల్లబరుస్తుంది, మంట చల్లబడితే కట్టెలోంచి వచ్చే పొగ కాలదు, నిజానికి ఆ పొగే సగం ఇంధనం. అది కాలకుండా వంటోళ్ల కళ్లల్లోకి, టెంటు గుడ్డలోకి పోతుంది. కాబట్టి కట్టె ఆరకపోతే దాన్ని గొడ్డలితో కొట్టారా, మిషన్‌తో చీల్చారా అన్న చర్చే దండగ.

ఇక ఏ కట్టె అన్న ప్రశ్న. ఆ వీడియోలో ఉన్నది నిలువుగా, సాఫుగా పెరిగిన చలిదేశపు చెట్టు. ఆ దేశాల్లో చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉండాలి కాబట్టి ఒక్కో ఇంటికే టన్నుల కొద్దీ కావాలి, పొయ్యి తలుపు చిన్నది కాబట్టి అన్నీ మూరెడు ముక్కలే కావాలి. మనకు చలికాచుకోవడమంటే సంక్రాంతి ముందు వాకిట్లో నాలుగు పుల్లలు. మన కట్టె పోయేది పెళ్లి వంటలకు, హోటళ్లకు, ఇటుక బట్టీలకు, స్మశానానికి. మిర్యాలగూడ రైస్ మిల్లుల బాయిలర్లు కూడా కట్టె అడగవు, వాటికి మిల్లులో వచ్చే ఊకే సరిపోతుంది.

నల్లగొండ, పాలమూరు వైపు ఎక్కువగా దొరికేది సర్కారు తుమ్మ. 1870లలో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప ప్రాంతానికి అమెరికా ఖండం వైపు నుంచి దీని విత్తనాలు తెప్పించారు. వంటచెరుకు కరువు తీరుతుందనుకున్నారు, కరువు తీరింది కానీ చెరువు కట్టలు, కాలువ గట్లు, బీడు భూములు అన్నీ దాని పాలయ్యాయి. మంచి కట్టే, బాగా మండుతుంది, బొగ్గు బట్టీలవాళ్లు దాన్నే వెతుక్కుంటారు. కానీ ఆ చెట్టు ఎప్పుడైనా తిన్నగా పెరగడం చూశారా? ఒకే మొదలు నుంచి ఏడెనిమిది కొమ్మలు వంకరటింకరగా లేస్తాయి, చాలా వరకు మణికట్టు నుంచి పిక్క లావు. ముల్లు నరికి పొడవుకు కోస్తే అయిపోయింది, దాన్ని పగలగొట్టే పనే లేదు. మిషన్ మీద పెట్టినా వంకర వల్ల నిలబడదు.

తర్వాత బత్తాయి. నల్లగొండ జిల్లాలో నీళ్లందక ఎండిపోయో, ముసలి చెట్లయ్యో తోటలు తీసేసినప్పుడల్లా ట్రాలీలకు ట్రాలీలు వస్తుంది. గట్టి కట్టె, మెల్లగా కాలుతుంది, బోదె మాత్రమే కాస్త లావుంటుంది. జామాయిల్ సంగతి వేరే, తిన్నగా ఉంటుంది కానీ ఒక్క నియమం పెట్టుకోవాలి, పచ్చిగా ఉన్నప్పుడే పగలగొట్టాలి. ఎండనిచ్చారా, పొరలు మెలి తిరిగి బిగుసుకుని గొడ్డలిని వెనక్కి తన్నేస్తుంది. వేప ఫర్వాలేదు. నల్ల తుమ్మ చేవ ఇనుమే, అయితే ఎండి నెర్రె పడితే మాత్రం ఠపీమని విడిపోతుంది. చింత దగ్గరికి వచ్చేసరికి అందరూ చేతులెత్తేస్తారు, పంగలు పంగలుగా ఉండి పొరలన్నీ ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాయి. మామిడి తేలిక, కానీ నిప్పు నిలవదు.

ఒక్కటి మర్చిపోవద్దు. సొంత పొలంలో చెట్టయినా చాలా రకాలను కొట్టాలంటే నీళ్లు, నేల, చెట్లను కాపాడ్డానికి 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద పర్మిషన్ తీసుకోవాలి. మిషన్ కొన్నాక పని చూపించాలని కనిపించిన వేపచెట్టునల్లా కొట్టేస్తే కేసు మిషన్ మీద పెట్టరు, మన మీద పెడతారు.

మా కాక లెక్క తీశాను. ఏడాదికి ఓ నలభై పెద్ద వంటలు, ఒక్కోదానికి నాలుగు క్వింటాళ్ల చొప్పున నూటఅరవై క్వింటాళ్లు, అంటే ట్రాక్టర్ ట్రాలీకి ముప్పై క్వింటాళ్ల లెక్కన ఐదు ట్రాలీల పైచిలుకు. అందులో నిజంగా పగలగొట్టాల్సిన లావు మొద్దులు ఎన్నో రెండు సీజన్ల సరుకు గుర్తు చేసుకుని చూస్తే మూడో వంతు. ఇంకో సంగతి కూడా ఉంది. కాక వండేది గాడి పొయ్యి మీద. నేలలో పొడుగ్గా తవ్విన గాడి, దానికి రెండు వైపులా ఇటుకలు, పైన వరుసగా గుండిగలు. ఇందులో మనిషంత పొడుగు కట్టెను ఒక కొస నుంచి పెట్టి, కాలిన కొద్దీ లోపలికి జరుపుతూ పోతారు. మంట పెంచాలంటే ముందుకు తొయ్యి, తగ్గించాలంటే వెనక్కి లాగు, అదే దానికి రెగ్యులేటర్. సన్నటి పేళ్లు కావాల్సింది ముట్టించేటప్పుడు, మళ్లీ బగారా అన్నం దించే ముందు ఒక్కసారి మంట లేపాల్సినప్పుడు. అంటే ఐదు ట్రాలీల్లో మిషన్ కోసం ఎదురుచూసేది రెండు ట్రాలీలకన్నా తక్కువ.

గొడ్డలి ఏం చేస్తుంది

పెద్దాయన పని చూస్తే నాకు తెలిసిందేంటంటే ఆయన కొట్టే టైం కన్నా చూసే టైమే ఎక్కువ. మొద్దు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. కోసిన ముఖం మీద ఎండకు పడ్డ నెర్రెలు ఎటు పోతున్నాయో వేలితో రాస్తాడు. ముడి ఉన్న వైపు కిందికి పెడతాడు. పాత ట్రాక్టర్ టైరు ఒకటి నేల మీద వేసి అందులో మొద్దును నిలబెడతాడు, అప్పుడు పేళ్లు ఎగిరి చెదరకుండా టైరులోనే ఉంటాయి, వంగి వంగి ఏరుకునే బాధ తప్పుతుంది. మొదటి దెబ్బ మధ్యలో వెయ్యడు. అంచు నుంచి నాలుగు వేళ్లు వదిలి వేస్తాడు, ఒక చెక్క ఊడుతుంది, మొద్దు తిప్పుతాడు, ఇంకో చెక్క. లావు మొద్దును నడుమకు కొట్టి గొడ్డలి ఇరికించుకుని, దాన్ని ఊడదీయడానికి పావుగంట తిప్పలు పడేది నాలాంటోళ్లు.

కట్టె పొరలు నిలువుగా ఉంటాయి. వాటిని అడ్డంగా తెంచడం కష్టం, పక్కపక్క పొరలను విడదీయడం తేలిక. గొడ్డలి అంచు పొరల మధ్య దూరి దవడల్లా తెరిస్తే అంచు చేరకముందే నెర్రె ముందుకు పాకుతుంది. అందుకే ఎండిన తుమ్మ ఒక్క దెబ్బకు విడిపోతుంది. దెబ్బ శక్తి బరువుకు మామూలు లెక్కలో, వేగానికి వర్గం లెక్కలో పెరుగుతుంది, అంటే గొడ్డలి బరువు రెట్టింపు చేస్తే దెబ్బ రెట్టింపు, వేగం రెట్టింపయితే నాలుగింతలు. బరువు గండ్రగొడ్డలి కొని అది లేపలేక మెల్లగా వేసేవాడి కన్నా రెండు కిలోల గొడ్డలిని సర్రుమని దించేవాడి పని ముందు తెమలడం ఇందుకే. ఇంకోటి, పగలగొట్టే గొడ్డలికి పదును కన్నా బుగ్గలు, అంటే అంచు వెనక ఉబ్బెత్తు, ముఖ్యం. సన్నగా, పదునుగా ఉన్నది నరకడానికి పనికొస్తుంది, మొద్దులో మాత్రం దిగి కూర్చుంటుంది.

గొడ్డలి ఓడిపోయే చోట ఇనుప చీలలు, సమ్మెట. నెర్రెలో ఒక చీల దిగగొట్టి, అది బిగుసుకుంటే ముందు ఇంకోటి పెట్టి కొడతారు, మొదటిది దానంతటదే వదులై వస్తుంది. రాళ్లు కొట్టేవాళ్లు బండ చీల్చే పద్ధతే. ఒక చీల వందల్లో పని, మూడు చీలలు చేయించుకుంటే కొడుకుల కాలం దాకా ఉంటాయి. మిషన్ గురించి ఆలోచించే ప్రతి పదిమందిలో తొమ్మిది మంది చీలలు లేకుండానే గొడ్డలి పనికిరాదని తేల్చేస్తున్నారని నా అనుమానం.

మన దగ్గర ఇంకో పనిమనిషి ఉన్నాడు, జీతం అడగడు. ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, రోలే పగిలే ఎండకు మొద్దు ఎంత? మాఘంలో మొద్దులు కోసి నీడలేని చోట కోసిన ముఖాలు ఎండకు పెట్టి వదిలేస్తే మే నెలాఖరుకు చక్రం ఆకుల్లా నెర్రెలు పడి ఉంటాయి, గొడ్డలికి దారి దొరుకుతుంది. జామాయిల్ తప్ప మిగతా వాటికి ఇది చాలా వరకు పనిచేస్తుంది. పేర్చేటప్పుడు నేల మీద నేరుగా వెయ్యకండి, కింద రెండు రాతి కడీలో ఇటుకలో పెట్టండి. చెదలు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికే చెదలు పట్టి 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించాల్సి వచ్చింది, మన కట్టెల కుప్ప ఏపాటిది.

మిషన్ ఏం చేస్తుంది

హైడ్రాలిక్ మిషన్ దెబ్బ వెయ్యదు, తోస్తుంది. ట్రాక్టర్ ట్రాలీని లేపే జాకీ, జేసీబీ చెయ్యి, ఇదీ అదే సూత్రం. పంపు ఆయిల్‌ను సిలిండర్‌లోకి తోస్తే లోపలి పిస్టన్ కదిలి మొద్దును ఎదురుగా ఉన్న ఇనుప చీల మీదికి నొక్కుతుంది. మొద్దుకు పారిపోయే దారి లేదు.

అమ్మేవాళ్లు అందరూ చెప్పేది టన్నులు. ఎనిమిది టన్నులు, పన్నెండు టన్నులు, ఇరవై టన్నులు. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో మనమే లెక్క వేసుకోవచ్చు. సిలిండర్ లోపలి వెడల్పు 100 మిల్లీమీటర్లు అనుకుందాం, దాని ముఖం 78.5 చదరపు సెంటీమీటర్లు. ఆయిల్ ఒత్తిడి 150 బార్ అయితే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద సుమారు 153 కిలోల తోపు. రెండూ గుణిస్తే 12,000 కిలోలు, అదే పన్నెండు టన్నులు. నేను చూసిన వర్క్‌షాపులో కూడా పన్నెండు టన్నులనే చెప్పారు. సిలిండర్ వంద మిల్లీమీటర్లే, అందులో మోసం లేదు. కానీ చింత పంగ ఒకటి పెట్టి నొక్కమంటే గేజ్ ముల్లు 90 దాకా పోయి ఆగిపోయింది, వాల్వ్ కూనిరాగం తీస్తూ ఆయిల్‌ను వెనక్కి ట్యాంకులోకి వదిలేస్తోంది. 90 బార్ అంటే ఏడు టన్నుల చిల్లర. "అన్నా, పన్నెండు అన్నరు కదా" అంటే "కొత్త సీల్స్ సార్, సెట్ అయితది" అన్నాడు. కాబట్టి మిషన్ చూడ్డానికి పోయేటప్పుడు మీ కట్టెల్లో అన్నిటికన్నా మొండి మొద్దు ఒకటి బండి మీద వేసుకుపోండి, వాళ్లు రెడీగా పెట్టుకున్న మామిడి మొద్దుతో డెమో చూసి మురిసిపోవద్దు. గేజ్ లేని మిషన్ అయితే టన్నుల మాట నమ్మాల్సిన పనే లేదు.

టన్నులు సరే, వేగం ఎంత? దీని గురించి ఎవరూ చెప్పరు. ఒత్తిడి బలాన్నిస్తే ఆయిల్ పారే లీటర్లు వేగాన్నిస్తాయి, రెండూ కలిసి మోటారు హార్స్‌పవర్‌ను తింటాయి. మూడు హెచ్‌పీ మోటారు 150 బార్ దగ్గర నిమిషానికి ఏడు, ఏడున్నర లీటర్ల కన్నా ఎక్కువ తొయ్యలేదు. మామూలు సింగిల్ పంపు పెడితే ఆ లెక్కన మన సిలిండర్ నిమిషానికి 95 సెంటీమీటర్లు కదులుతుంది. అర మీటర్ పోయి రావడానికి దాదాపు నిమిషం. పెద్దాయన ఆ నిమిషంలో నెర్రె పడ్డ మొద్దులు రెండు కొట్టి బీడీ వెతుక్కుంటాడు. దీనికి విరుగుడు రెండు దశల పంపు, మొద్దును తాకేదాకా తక్కువ ఒత్తిడితో గబగబా వచ్చి, గట్టిగా తగిలాక మెల్లగా పూర్తి బలంతో నొక్కుతుంది. కొనేవాళ్లు టన్నులు అడిగే ముందు ఇది అడగాలి.

కరెంటు సంగతి. మూడు హెచ్‌పీ అంటే సింగిల్ ఫేజ్ మీద లాగొచ్చు కానీ సాయంత్రం ఓల్టేజీ పడిపోయే ఊళ్లలో కెపాసిటర్లు పోతాయి. బోరు దగ్గర త్రీఫేజ్ ఉంది కదా, 2018 జనవరి నుంచి 24 గంటలు ఫ్రీ కదా అని అక్కడ పెడతామనుకుంటారు కొందరు, అది సాగు మోటారుకిచ్చిన కరెంటు, వ్యాపారానికి వాడితే దొరికిన రోజు బిల్లు వాచిపోతుంది. ట్రాక్టర్ ఉన్నవాళ్లకు మాత్రం మంచి దారి ఉంది. ట్రాలీ లేపే హైడ్రాలిక్ లైన్ నుంచే ఆయిల్ తీసుకునే రకం చేయించుకుంటే మోటారు, పంపు, ట్యాంకు ఖర్చంతా తప్పుతుంది, మిషన్ అంటే ఇక ఒక దూలం, ఒక సిలిండర్, ఒక చీల, అంతే. ఆయిల్ సాధారణంగా 46 గ్రేడ్ పోస్తారు, మే నెలలో 44 డిగ్రీల ఎండలో నడిపేవాళ్లు ఇంకా చిక్కటి 68 పోసుకోవడం మేలు, పల్చబడ్డ ఆయిల్‌తో బలం తగ్గుతుంది, లీకులు పెరుగుతాయి.

మిషన్‌కు నిజంగా దండం పెట్టాల్సింది పంగల దగ్గర, ముడుల దగ్గర. గొడ్డలికి పొరల దారి కావాలి, మిషన్‌కు అక్కర్లేదు, విడిపోకపోతే పొరలను చించుకుంటూ పోతుంది. పచ్చి కట్టె, ఎండు కట్టె అన్న తేడా కూడా దానికి పెద్దగా పట్టదు. పొద్దుటి మొదటి మొద్దుకు, సాయంత్రం అయిదింటి మొద్దుకు ఒకే బలం. మనిషి మధ్యాహ్నం తర్వాత సగమే.

మార్కెట్లో బరమాలా తిరిగే స్క్రూ కోను రకం కూడా ఉంది. చవక, వేగం. నేనైతే వద్దంటాను. తిరిగే కోనులో లుంగీ కొసో, మెడలో తువ్వాలో, ఆడవాళ్ల కొంగో చిక్కితే స్విచ్ దాకా చెయ్యి పోదు. మన దగ్గర ఈ పని ప్యాంటు షర్టు బూట్లు వేసుకుని చేసేవాళ్లెవరు?

డబ్బుల లెక్క

మిషన్ లక్షన్నర అనుకుందాం. పదేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి పదిహేను వేలు, ఆ డబ్బు మీద వడ్డీ ఓ పదివేలు, ఆయిల్, సీల్స్, పైపులు ఓ అయిదు వేలు. మొత్తం ముప్పై వేలు, వాడినా మూల పడేసినా. చేత్తో అయితే ఒక మనిషి రోజుకు అయిదు క్వింటాళ్లు పగలగొడతాడు, ఎనిమిది వందలు అడుగుతున్నాడు, అంటే క్వింటాల్‌కు నూటఅరవై. మిషన్‌తో అయితే ఒకరితో కాదు, ఒకరు అందించాలి, ఒకరు నడపాలి. ఇద్దరికీ పన్నెండు వందలు, కరెంటు నూటఅరవై, రోజుకు ఇరవై క్వింటాళ్లు అవుతుందనుకుంటే క్వింటాల్‌కు అరవై ఎనిమిది. మిగిలేది క్వింటాల్‌కు తొంభై రెండు రూపాయలు. ముప్పై వేలు రావాలంటే ఏడాదికి దాదాపు 325 క్వింటాళ్లు, అదీ పగలగొట్టాల్సిన లావు కట్టె, పదకొండు ట్రాలీలు.

కాకకు ఉన్నవి రెండు ట్రాలీలు కూడా లేవు. కూలి రెట్టింపయినా కాక లెక్క కుదరదు. మూఢాల్లో, ఆషాఢంలో మిషన్‌కు పనుండదు, సీల్స్ ఎండిపోయి మళ్లీ శ్రావణంలో స్టార్ట్ చేసేసరికి ఆయిల్ కారుతూ ఉంటుంది. అదే అడితి పెట్టుకున్నవాళ్లకు, రోజూ పొయ్యి వెలిగే హైవే హోటల్‌కు, నాలుగూళ్లకు కట్టె సప్లై చేసేవాళ్లకు లెక్క తిరగబడుతుంది, వాళ్లు ఇంకా గొడ్డలి పట్టుకుని కూర్చుంటేనే నష్టం. మధ్యలో ఉన్నవాళ్లకు కిరాయే మేలు. వరి కోత మిషన్ ఊళ్లో ఎంతమందికి సొంతముంది? అందరి పొలాలూ కోయట్లేదా?

ఈ లెక్కలో ఒకటి పట్టదు, భుజం. పెద్దాయనకు అరవై దాటాక కూడా ఆయన చేత సమ్మెట వేయించి క్వింటాల్‌కు నూటఅరవై అని రాసుకోవడం నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. మనిషి దొరక్క వంట ఆగిపోయే పరిస్థితి ఉంటే, లేదా చేసే మనిషి పడిపోయే పరిస్థితి ఉంటే, పెట్టిన డబ్బు తిరిగి రాకపోయినా కొనడానికి కారణం ఉన్నట్టే. కాకపోతే లాభమని చెప్పుకుని కొనొద్దు.

దెబ్బల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మిషన్ అంటే సేఫ్ అనుకుంటారు. గొడ్డలితో నాకే అయింది. కామ ఎండి వదులైన గొడ్డలి ఎత్తితే తల ఊడి వెనక నీళ్ల డ్రమ్ముకు తగిలింది, అక్కడ మా పిన్ని అప్పుడే లేచి లోపలికి పోయింది. ఆ తర్వాత కొట్టే ముందు కామ బిగింపు చూడకుండా నేను ఎత్తను. మొద్దును కాలితో తొక్కిపట్టి కొట్టేవాళ్లను చూస్తే ఇప్పటికీ కళ్లు మూసుకుంటాను. మిషన్‌తో దెబ్బలు వేరే రకం. ఒకరు మొద్దు పట్టుకుని ఇంకొకరు లివర్ నొక్కడం, వేళ్లు పోయేది అక్కడే. మొద్దు పెట్టినవాడే లివర్ నొక్కాలి, రెండు చేతులూ లివర్ల మీద ఉంటేనే కదిలే రకం అయితే ఇంకా మంచిది. ఏటవాలుగా కోసిన మొద్దు జారి పక్కకు ఎగురుతుంది. ఇంకోటి చాలామందికి తెలియదు, పైపులో సన్నటి బెజ్జం పడి ఆయిల్ చిమ్ముతుంటే చేత్తో తడిమి చూడొద్దు, ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మంలోకి సూదిలా దిగుతుంది. పైకి చిన్న చుక్కే, నొప్పి కూడా ఉండదు మొదట. ఆ రోజే ఆస్పత్రికి పోకపోతే వేలు, చెయ్యి పోయేదాకా వస్తుంది. లీకు ఎక్కడో చూడాలంటే అట్టముక్క వాడాలి.

కాకకు ఇదంతా చెప్పాను. ఆయన ఓపికగా విని, "అయితే నా తిప్పలు నాకే ఉంటయన్నమాట" అన్నాడు. కాదు కాకా, నీ టైమంతా పోతున్నది పగలగొట్టడంలో కాదు కొయ్యడంలో అని చూపించాను. రంపంతో ఇద్దరు మనుషులు పొద్దుందాక కోసేదాన్ని చెయిన్ సా ఒకటి రెండు గంటల్లో కోస్తుంది, ఐదు ట్రాలీల కట్టెకూ పనికొస్తుంది, ధర మిషన్‌లో పదో వంతు. అదొకటి తీసుకున్నాడు. కమ్మరి దగ్గర మూడు చీలలు, ఒక సమ్మెట చేయించాడు. లావు మొద్దులు ఈసారి మాఘంలోనే కోసి ఎండకు పెట్టాం, మృగశిర వాన పడేలోపు పెద్దాయన దారి చూపిస్తుంటే ఇద్దరు పిల్లగాళ్లు నాలుగు రోజుల్లో చాలా వరకు కొట్టేశారు. పెద్దాయనకు కూలి పూర్తిగా ఇచ్చాడు కాక, గొడ్డలి ముట్టుకోకున్నా.

చింత పంగలు మూడు మాత్రం మిగిలినయ్. చీలలకూ లొంగలేదు. హాలియా దగ్గర ట్రాక్టర్‌కు తగిలించే మిషన్ ఉన్నాయన ఒకాయన అటువైపు పనిమీద వచ్చినప్పుడు గంట లెక్కన చీల్చిపోతానన్నాడు. రెండు నెలలైంది, ఇంకా రాలేదు. కాక పొద్దున పూట వాటిలో పెద్దదాని మీద కూర్చునే టీ తాగుతున్నాడు.